లినక్స్‌లో వీఆర్ సెటప్ ఇన్ని ముక్కలుగా ఎందుకుంది? వెనకున్న కథ

లినక్స్‌లో వీఆర్ హెడ్‌సెట్ నడిపిద్దామని మొదలుపెట్టినోళ్లకి ముందుగా వచ్చే డౌట్ ఒకటే, ఒక్క సాఫ్ట్‌వేర్ వేస్తే అయిపోవాల్సిన పనికి మొనాడో, వైవర్న్, ఓపెన్‌కాంపోజిట్, యూడెవ్ రూల్స్ అంటూ ఇన్ని పేర్లేంటి అని. ఇదంతా ఎవరో కూర్చుని ప్లాన్ చేసింది కాదు. ఒక్కో టైంలో ఒక్కో కంపెనీ వదిలేసిన పనిని ఎవరో ఒకరు నెత్తినేసుకున్నారు, ఆ ముక్కలన్నీ కలిస్తేనే ఇప్పటి సెటప్.

2012లో ఆక్యులస్ రిఫ్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్ కిక్‌స్టార్టర్‌లో సుమారు 24 లక్షల డాలర్లు తెచ్చుకున్నప్పుడు లినక్స్ వాళ్లకి దిగులేం లేదు, డెవలపర్ కిట్లకి లినక్స్ ఎస్‌డీకే (ప్రోగ్రాములు రాసుకునే టూల్స్) కూడా ఇచ్చారు. 2014 మార్చిలో ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకి ఆ కంపెనీని కొంటున్నట్టు చెప్పింది. 2015 మేలో, అంటే అసలు రిఫ్ట్ జనం చేతికి రాకముందే, లినక్స్, మ్యాక్ పని ప్రస్తుతానికి ఆపుతున్నాం, ముందు విండోస్ సంగతి చూస్తాం అన్నారు. ఆ "ప్రస్తుతానికి" ఇంకా అవ్వలేదు లెండి.

అప్పటికే ఓపెన్‌హెచ్ఎండీ అని ఒక ప్రాజెక్ట్ ఉంది, హెడ్‌సెట్ యూఎస్‌బీలో పంపే డేటా చూసి రివర్స్ ఇంజినీరింగ్ చేసి డ్రైవర్లు రాయడం వాళ్ల పని. తల తిప్పితే సీన్ తిరగడం వరకు బానే వచ్చేది, కానీ మనిషి ముందుకి వంగాడా పక్కకి జరిగాడా అని తెలియాలంటే కెమెరాలో ఎల్ఈడీ చుక్కల్ని పట్టుకుని లెక్కలు కట్టాలి, దానికి ఏళ్లు పట్టింది. 2016లో హెచ్‌టీసీ వైవ్ వచ్చాక దాని లైట్‌హౌస్ ట్రాకింగ్ (గదిలో పెట్టిన పెట్టెల లేజర్‌ని బట్టి హెడ్‌సెట్ ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి) కోసం లిబ్‌సర్వైవ్ అనే ప్రాజెక్ట్ కూడా ఇలాగే పుట్టింది. స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ 2017 ఫిబ్రవరిలో లినక్స్‌కి తన వీఆర్ సాఫ్ట్‌వేర్ స్టీమ్‌వీఆర్ బీటా ఇచ్చింది, కాకపోతే అది క్లోజ్డ్ సోర్స్, కోడ్ బయటికివ్వలేదు.

నన్నడిగితే అసలు మలుపు డ్రైవర్ల దగ్గర రాలేదు, డిస్‌ప్లే దగ్గర వచ్చింది. హెడ్‌సెట్ గుచ్చగానే డెస్క్‌టాప్ దాన్ని ఇంకో మానిటర్ అనుకుని వాల్‌పేపర్, ప్యానెల్ అందులోకి తోసేసేది, పైగా విండోలన్నీ కలిపి తెర మీద గీసే డెస్క్‌టాప్ కంపోజిటర్ మధ్యలో దూరడం వల్ల లేటు, వీఆర్‌లో ఆ కాస్త లేటుకే తల తిరుగుద్ది. వాల్వ్ తరఫున కీత్ ప్యాకార్డ్ దీని మీద కూర్చున్నాడు. అలా వచ్చిందే డీఆర్ఎం లీజ్ (ఇక్కడ డీఆర్ఎం అంటే కెర్నెల్‌లో డిస్‌ప్లేల సంగతి చూసే భాగం), ఆ ఒక్క డిస్‌ప్లేని డెస్క్‌టాప్ తన దగ్గర పెట్టుకోకుండా వీఆర్ ప్రోగ్రామ్‌కి కౌలుకిచ్చేస్తుంది, ఇక మధ్యలో ఎవరూ ఉండరు. 2018లో కెర్నెల్ 4.15లో, లినక్స్ పాత డిస్‌ప్లే సిస్టమ్ ఎక్స్ సర్వర్ (ఎక్స్‌ఆర్గ్ అన్నా ఇదే) 1.20లో ఇది వచ్చింది. కానీ ఈలోపు జనం దాని బదులు వచ్చిన వేలాండ్‌కి మారుతున్నారు, అక్కడ మళ్లీ మొదటికొచ్చింది, కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో 2022కి గానీ రాలేదు, గ్నోమ్‌లో అయితే 2024 దాకా ఆగాల్సొచ్చింది. పాత గైడ్లలో "గ్నోమ్ అయితే ఎక్స్‌ఆర్గ్ సెషన్‌లోకి వెళ్లండి" అని ఉంటుందే, అది ఈ గ్యాప్ వల్లే.

ఇక గేములు, ప్లగిన్ల సంగతి. మొదట్లో ఆక్యులస్‌ది ఒక ఏపీఐ (గేము హెడ్‌సెట్‌తో మాట్లాడే భాష అనుకోండి), వాల్వ్‌ది ఓపెన్‌వీఆర్ అని ఇంకోటి, కాబట్టి గోడో లాంటి గేమ్ ఇంజిన్‌లో ఒక్కోదానికి ఒక్కో ప్లగిన్ పెట్టుకోవాల్సొచ్చేది. 2019 జులైలో గ్రాఫిక్స్ స్టాండర్డ్‌లు తయారుచేసే క్రోనోస్ గ్రూప్ అందరికీ ఒకే ఏపీఐగా ఓపెన్‌ఎక్స్‌ఆర్ 1.0 రిలీజ్ చేసింది, అదే ఏడాది కొలాబొరా అనే కంపెనీ మొనాడోని బయటపెట్టింది, పూర్తి ఓపెన్ సోర్స్ ఓపెన్‌ఎక్స్‌ఆర్ రన్‌టైమ్ అది, అంటే గేముకి హెడ్‌సెట్‌కి మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్. 2020లో 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2.83లో వీఆర్ యాడాన్ వచ్చింది, 2023లో గోడో 4 అయితే ఓపెన్‌ఎక్స్‌ఆర్‌ని లోపలే కలిపేసుకుంది, కాబట్టి గోడో 3 నాటి ట్యుటోరియల్ చూసి ఆ పాత ప్లగిన్ డౌన్‌లోడ్ చేస్తే టైం వేస్ట్. మెటా (పాత ఫేస్‌బుక్) క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్ల స్పెషల్ ఫీచర్లకి మాత్రం వెండర్స్ ప్లగిన్ ఇప్పటికీ వేరేగా పెట్టుకోవాలి.

స్టాండర్డ్ వచ్చింది సరే, స్టీమ్‌లో ఉన్న పాత వీఆర్ గేములన్నీ ఇంకా ఓపెన్‌వీఆర్‌తోనే మాట్లాడతాయి కదా, వాటి మాటని ఓపెన్‌ఎక్స్‌ఆర్‌కి మార్చి చెప్పడానికే ఓపెన్‌కాంపోజిట్, తర్వాత ఎక్స్‌రైజర్. మెషీన్‌లో మొనాడో, స్టీమ్‌వీఆర్ రెండూ ఉంటే ఏది నడవాలో యాక్టివ్ రన్‌టైమ్ అనే చిన్న జేసన్ ఫైలు చెప్తుంది, సగం మంది ఇరుక్కునేది ఇక్కడే, అన్నీ సరిగ్గా వేసి ఈ ఫైలు మాత్రం పాత రన్‌టైమ్ వైపే చూపిస్తూ ఉంటుంది. స్టీమ్ తన గేముల్ని కంటెయినర్‌లో, అంటే మిగతా సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా నడుపుతుంది కాబట్టి లోపలున్న గేముకి బయటున్న మొనాడో సాకెట్ (దానితో మాట్లాడే దారి) కనబడదు, గైడ్లలో గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో ఒక పొడుగాటి లైను పెట్టమనేది అందుకే. యూడెవ్ రూల్స్ కథ చిన్నదే, మామూలు యూజర్‌కి హెడ్‌సెట్ యూఎస్‌బీని నేరుగా చదివే పర్మిషన్ ఉండదు, అది ఇవ్వడానికి.

వాల్వ్ సొంత హెడ్‌సెట్ ఇండెక్స్‌ని ఇండియాలో అఫీషియల్‌గా అమ్మలేదు, అందుకే మన దగ్గర ఎక్కువగా కనబడేది అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకొచ్చిన క్వెస్టే. దాన్ని పీసీకి కలిపే మెటా సొంత సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే. ఆ ఖాళీలోకే ఏఎల్‌వీఆర్ వచ్చింది, అది స్టీమ్‌వీఆర్ మీద ఆధారపడుతుంది, వైవర్న్ అయితే మొనాడోని లోపలే పెట్టుకుని వైఫై మీద పంపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే వైవర్నే చెప్తా, ముక్కలు తక్కువ.

తమాషా ఏంటంటే మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11 24హెచ్2 నుంచి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే తన వీఆర్ సిస్టమ్‌ని పీకేసింది, ఆ హెడ్‌సెట్లు కొన్నవాళ్లు అప్‌డేట్ చేసుకుంటే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో ఇక అవి పనిచేయవు, అదే హెడ్‌సెట్లకి మొనాడోలో డ్రైవర్ ఉంది, బసాల్ట్ అనే ఓపెన్ ట్రాకింగ్ కూడా తోడుంది. 2025 నవంబర్‌లో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్ అయితే లోపలే స్టీమ్‌ఓఎస్‌తో, అంటే లినక్స్‌తోనే నడిచేది. స్టీమ్‌వీఆర్ సోర్స్ మాత్రం వాల్వ్ ఇంకా బయటపెట్టలేదు.