సామోస్ మస్కట్: తీపి వైన్ వెనక ఒక చట్టం కథ

మస్కట్ అనగానే మనకు గల్ఫ్ విమానం గుర్తుకొస్తుంది. ఇక్కడ చెప్పేది ఆ ఊరి గురించి కాదు, ఒక ద్రాక్ష జాతి గురించి. మనం బజారులో కొనే పన్నీరు ద్రాక్ష ఆ కుటుంబానిదే. తమిళనాడు కంబం లోయలో విరివిగా పండే ఆ నల్ల పండు అసలు పేరు మస్కట్ హాంబర్గ్. దానికి పన్నీరు అనే పేరు ఊరికే రాలేదు. గులాబీకి పరిమళాన్నిచ్చే జెరానియాల్ మస్కట్ ద్రాక్షలోనూ ఉంటుంది.

ఈ జాతిలోనే చిన్న పండ్ల తెల్ల రకానికి పేరుపడ్డ చోటు సామోస్. టర్కీ తీరానికి కూతవేటు దూరంలో ఉన్న గ్రీకు దీవి ఇది. కొండవాలున రాతి గట్లు పేర్చి, సుమారు 900 మీటర్ల ఎత్తు దాకా తోటలు వేశారు. తమాషా ఏమిటంటే, రెండు వేల ఏళ్ల కిందట భూగోళవేత్త స్ట్రాబో చుట్టుపక్కల దీవుల వైన్‌ను మెచ్చుకుని, సామోస్‌కు మాత్రం ఆ భాగ్యం లేదని రాశాడు.

అసలు కథ 1934లో మొదలైంది. అప్పటిదాకా ధర చెప్పేది వ్యాపారి, తలూపేది రైతు. ఆ ఏడాది సహకార సంఘాల సమాఖ్య ఏర్పడింది, దానికి చట్టం తోడైంది. ద్రాక్ష పండించే ప్రతి రైతూ సభ్యుడు కావలసిందే, పంటంతా సమాఖ్యకే ఇవ్వవలసిందే. ఆనాటి రైతుకు అది గొడుగే. అయితే ఆ గొడుగు కింది నుంచి బయటికి వచ్చే దారి మాత్రం పెట్టలేదు. సొంతంగా వైన్ చేసుకుంటామన్న రైతులకు గ్రీసు కోర్టుల్లో చుక్కెదురైంది. చివరికి 2015 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం వారి పక్షాన నిలిచింది. సంఘంలో చేరకుండా ఉండటమూ స్వేచ్ఛలో భాగమేనని తేల్చింది.

సమాఖ్యను దుయ్యబట్టడం సులువే గాని, సామోస్‌కు ఈనాటి పేరు తెచ్చింది కూడా అదే. ద్రాక్షను ఎండలో ఆరబెట్టి, ఆల్కహాల్ కలపకుండా చేసి, ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచే ‘నెక్టార్’ దాని సరుకే. మిగతా తీపి రకాలు చాలావరకు ఆల్కహాల్ కలిపి బలం పెంచినవి, దాదాపు 15 శాతం ఉంటాయి. చాలాకాలం పాటు ‘సామోస్’ అనే రక్షిత పేరు తీపి వైన్‌కే దక్కింది. అదే ద్రాక్షతో చేసిన డ్రై వైన్, అంటే తీపి లేనిది, వేరే పేరుతో అమ్ముడుపోయేది.

అందుకే మస్కట్ భోజనం చివరి పానీయంగా స్థిరపడిపోయిందని నా అనుమానం. అక్కడ కూడా దాన్ని తప్పు తోడుతో ఇస్తుంటారు. లడ్డూ తిన్నాక కాఫీ చప్పబడటం మనకు తెలిసిందే. వైన్ కన్నా తియ్యని మిఠాయి పక్కన పెడితే దాని గతీ అంతే. ఉప్పగా, ఘాటుగా ఉండే నీలి చీజ్, వేయించిన బాదం, ఎండు అత్తిపండు దానికి సరైన జోడీ. కారం వంటకాల దగ్గర ఈ 15 శాతం సరుకు పనికిరాదు, ఆల్కహాల్ మంటను ఎగదోస్తుంది. అక్కడికి పూల వాసన మిగిలి, తీపి లేని డ్రై మస్కట్‌ను బాగా చల్లబరచి తీసుకోవాలి. నిమ్మరసం పిండిన వేపుడు చేపకూ అదే నయం. సామోస్‌లో ఇప్పుడు సొంత ముద్ర వేసుకుంటున్న చిన్న తయారీదారులు ఈ డ్రై సీసాల మీద కూడా మనసు పెడుతున్నారు.