నిమ్మగడ్డి: పిలకలకంటే ముందు బట్టీ

మిర్చి ధర పడిన ఏడాదల్లా గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇదే ప్రశ్న: "నిమ్మగడ్డి వేస్తే ఎకరాకు లక్షలొస్తాయంట కదండీ?" అప్పటికే పిలకలకు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. గడ్డిని ఆవిరి పట్టించి నూనె తీసే బట్టీ ఎక్కడుందంటే మాట రాదు.

అపోహ: గడ్డి కోసి పెడితే కొనేవాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.

వాస్తవం: మిర్చి టిక్కీలు తోలినట్టు గడ్డిని తోలడానికి యార్డు లేదు. అమ్మేది నూనె. టన్ను పచ్చిగడ్డికి 5–7 కిలోలు దిగుతుంది. ఎకరా కోతకు నాలుగు టన్నులనుకోండి. 500 కిలోల ట్యాంకుకు అది ఎనిమిది బ్యాచ్‌లు. నింపడం, రెండున్నర మూడు గంటలు ఆవిరి పట్టించడం, పిప్పి తీయడం కలిపితే రోజుకు మూడు బ్యాచ్‌లు అయితే గొప్ప. మూడు రోజుల పనికి చేతికొచ్చేది 20–28 కిలోలు. బట్టీ దూరమైతే సగం లాభం ట్రాక్టరు కిరాయికే. పైగా కోసిన గడ్డి కుప్పేస్తే లోపల వేడెక్కి పులుస్తుంది, నూనె పోతుంది. నీడలో పల్చగా పరిచి, కాస్త వాడిపోయాక మర్నాటికల్లా బట్టీకెక్కించాలి. నలుగురు కలిసి పదెకరాలు వేసి, కోతలకు వంతులు పెట్టుకుంటే బట్టీ ఖాళీగా ఉండదు.

"పిలకలమ్మినవాళ్ళే నూనె కొంటామని కాగితం రాసిచ్చారండీ" అంటారు. కంగారు పడకుండా ఆ కాగితం తీసి చదవండి. రేటు, సిట్రాల్ (నూనెకు నిమ్మ వాసనిచ్చే పదార్థం) శాతం, డబ్బిచ్చే గడువు లేకపోతే అది పిలకల రసీదే. సిట్రాల్ 75 శాతానికి తగ్గితే బేరం తెగదు.

నీళ్ళక్కర్లేదన్నది సగం నిజం. తడి లేకున్నా దుబ్బు బతుకుతుంది, వేసవి కోత మాత్రం పోతుంది. నల్లరేగడిలో అసలు భయం వానాకాలంది: నీళ్ళు నిలిస్తే దుబ్బు కుళ్ళుతుంది. బోదెలు తోలి, బోదె మీద నాటండి. 60 × 45 సెం.మీ. దూరమైతే ఎకరాకు 15,000 పిలకలు పడతాయి.

నేలకు ఆనించి కోస్తే ఎక్కువ నూనె రాదు, నూనె ఉండేది ఆకులో. 10–15 సెం.మీ. మొదలు వదిలితేనే మళ్ళీ చిగురు. నాటిన మూడు నాలుగు నెలలకు తొలి కోత, తర్వాత 60–75 రోజులకొకటి.

మొదలు ఎర్రగా ఉంటే సిట్రొనెల్లా (నిమ్మగడ్డిని పోలిన వేరే గడ్డి) అని తేల్చేయకండి, నిమ్మగడ్డిలోనూ ఎర్ర మొదళ్ళుంటాయి. ఆకు నలిపి వాసన చూడండి, కృష్ణ, ప్రగతి లాంటి రకం పేరు అడగండి. పాములు రావన్నది వట్టి మాట. దట్టమైన గడ్డి ఏదైనా ఎలుక చేరుతుంది, దాని వెనకే పాము. బూట్లు వేసుకుని దిగండి.

బట్టీలో నూనెనీ నీళ్ళనీ విడదీసే సెపరేటర్‌లో నూనె పైకి తేలుతుంది. నీటి చుక్క లేకుండా తీసి, అల్యూమినియం క్యాన్‌లో నిండా పోసి, ఎండ తగలని చోట పెట్టండి. ఇనుప డబ్బాలో పోస్తే తుప్పుకు రంగు మారి, వ్యాపారి మూత తీయగానే రేటు తగ్గిస్తాడు.