బిగుసుకున్న భుజం ఎవరి మాట వింటుంది?

మసాజ్ బల్లకు ఒక చివర మొహం పట్టేంత కంత ఉంటుంది. బోర్లా పడుకుని మొహం అందులో ఆనిస్తే కనిపించేది నేల, అప్పుడప్పుడు అటూ ఇటూ కదిలే రెండు పాదాలు. పావుగంట గడిచేసరికి ముక్కు దిబ్బడ వేస్తుంది. నోట్లో నీళ్లూరుతాయి. అంతవరకూ నిశ్శబ్దంగా ఉన్న గదిలో కడుపు గుర్రుమంటుంది. మొదటిసారి వెళ్లినవాళ్లు ఈ మూడింటికీ తెగ సిగ్గుపడతారు. ముక్కు సంగతి సరే, మొహం కిందికి వాలినప్పుడు రక్తం అటు చేరి లోపలి పొరలు ఉబ్బుతాయి. కడుపు చప్పుడు మాత్రం శుభసూచకం. ఆపద పొంచి ఉన్నట్టు అప్రమత్తంగా ఉన్నంతసేపూ శరీరం జీర్ణక్రియను వాయిదా వేస్తుంది. ఆ కాపలా సడలి, ఒంటిని విశ్రాంతిలోకి దించే పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ పగ్గాలు అందుకున్నాకే పేగుల కదలిక, లాలాజలం జోరందుకుంటాయి. మసాజ్ చేసేవారికి అది రోజూ వినిపించే చప్పుడే.

మర్దన అనగానే బిగుసుకున్న కండరాన్ని పిండిముద్దలా పిసికి మెత్తబరచడం అనుకుంటాం. కానీ ఆ గంటసేపూ చేతులు మంతనాలాడేది ప్రధానంగా నాడులతో. ఈ ఒక్క సంగతి తెలిస్తే అక్కడ జరిగే చాలా వాటికి అర్థం దొరుకుతుంది.

బల్ల ఎక్కడానికి ముందు చిన్న విచారణ ఉంటుంది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఈ మధ్య శస్త్రచికిత్స ఏమైనా జరిగిందా, గర్భవతా? మొక్కుబడిగా తల ఊపి దాటేయదగ్గ ప్రశ్నలు కావివి. కాలి లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, పిక్కను వత్తడం వల్ల ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి గట్టి వత్తిడితో ఒళ్లు కమిలిపోతుంది. జ్వరం, చర్మవ్యాధి, మానని గాయం, కొత్తగా విరిగిన ఎముక ఉన్నప్పుడు మసాజ్ వాయిదా వేసుకోవాలి. ఈ ప్రశ్నలేవీ అడగకుండా నేరుగా నూనె చేతిలోకి తీసుకునేవారిని నేనైతే నమ్మను.

తర్వాత బట్టల సందేహం. ఎంతవరకు తీయాలన్నది పూర్తిగా మీ ఇష్టం. మీరు సిద్ధమై దుప్పటి కప్పుకునేదాకా చేసేవారు గది బయట ఉంటారు. పని జరిగే భాగం మీద మాత్రమే దుప్పటి తొలగుతుంది, అది కాగానే మళ్లీ కప్పుతారు. ఇష్టంలేని చోట చేయి వేయవద్దని ముందే చెప్పవచ్చు, మధ్యలోనూ చెప్పవచ్చు, అసలు మొత్తమే ఆపమనవచ్చు.

ఎక్కువగా కనిపించే స్వీడిష్ పద్ధతిలో మెలకువలు కొన్నే: పొడవుగా నిమరడం, పిసకడం, ఒకచోట వేళ్లతో రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం. వీటికి వాడుకలో ఉన్నవి ఫ్రెంచి పేర్లు. వాటిని స్థిరపరిచిన ఘనతను 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్‌కు ఇస్తారు. పేరులో స్వీడన్, మాటల్లో ఫ్రాన్సు, కర్త డచ్చివాడు! స్వీడన్‌లో వ్యాయామ విద్యకు పునాది వేసిన పెర్ హెన్రిక్ లింగ్ ఖాతాలో ఈ పద్ధతి ఎలాగో పడిపోయింది.

నిమరడంతోనే ఎందుకు మొదలుపెడతారు? చర్మం కింద తాకిడిని పసిగట్టే రకరకాల గ్రాహకాలు ఉన్నాయి. వత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో2 అనే ప్రోటీన్‌ను ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో గుర్తించింది. స్పర్శ రహస్యం విప్పినందుకు ఆయన 2021 నోబెల్ బహుమతిని డేవిడ్ జూలియస్‌తో పంచుకున్నారు. ఎక్కడ, ఎంత గట్టిగా తాకారన్న వార్తను మందపాటి నాడీతంతువులు సెకనుకు పదుల మీటర్ల వేగంతో మెదడుకు చేరవేస్తాయి. వీటికి తోడు సి-టాక్టైల్ అనే సన్నని తంతువులు ఉన్నాయి. 1990లలో స్వీడన్ శాస్త్రవేత్త ఓకె వాల్‌బో బృందం మనుషుల ముంజేతి చర్మంలో వీటి సంకేతాలను నమోదు చేసింది. ఇవి మహా నిదానం, సెకనుకు సుమారు ఒక మీటరు. ఎక్కడ తాకారో సరిగా చెప్పలేవు, తాకిడి హాయిగా ఉందా లేదా అన్నదే వీటి వార్త. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చర్మమంత వెచ్చదనంతో సాగే స్పర్శకు ఇవి అన్నింటికన్నా బాగా పలుకుతాయి. నూనె రాసిన అరచేయి వెన్ను మీద తీరిగ్గా జారేటప్పుడు దాని వేగం ఈ పరిధికి దగ్గరగానే ఉంటుంది.

మరి మన మెడను మనమే పిసుక్కుంటే ఆ హాయి ఎందుకు రాదు? మనకు మనం చక్కిలిగిలి పెట్టుకోలేకపోవడానికి కారణమే ఇక్కడా పనిచేస్తుంది. సొంత చేయి ఎక్కడ తాకబోతోందో చిన్నమెదడు ముందే లెక్కగట్టి, ఆ అనుభూతి తీవ్రతను తగ్గించేస్తుందని సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం 1998లో మెదడు స్కాన్లతో చూపింది. పైగా మెడ వత్తుకోవడానికి చేయి ఎత్తితే భుజం మళ్లీ బిగుసుకుంటుంది. ఇతరుల చేయి అయితే తర్వాత ఎటు జరుగుతుందో మెదడుకు తెలియదు, అందుకే ప్రతి స్పర్శా నిండుగా అందుతుంది.

దెబ్బ తగిలిన మోచేతిని వెంటనే రుద్దుకుంటాం కదా. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల దారిని కొంత మూసివేస్తాయని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. వివరాలు తర్వాత చాలా మారాయి గానీ మూల భావన నిలబడింది. మసాజ్ తర్వాత మెడ తేలికగా తిరగడం వెనక ఇలాంటి మార్పులే ఎక్కువ. ఎందుకంటే చేతి బలానికి హద్దుంది: తొడ పక్కనుండే గట్టి పొరను ఒక్క శాతం కుదించాలన్నా మనిషి చేతికి మించిన బలం కావాలని 2008లో ఒక గణిత నమూనా లెక్క తేల్చింది. భుజం వదులైందంటే, దాన్ని బిగించి ఉంచిన నాడులు పట్టు సడలించాయన్నమాట.

అందుకే నొప్పిని ఓర్చుకుంటే ఫలితం ఎక్కువన్న నమ్మకం నాకు రుచించదు. మొదటిసారి నేను చేసిన తప్పూ అదే. ‘వత్తిడి సరిపోయిందా?’ అని అడిగితే పళ్లు బిగించుకునే ‘బాగుంది’ అన్నాను. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, కాలివేళ్లు ముడుచుకుని ఉన్నవాడి వీపు ఎలా వదులవుతుంది? తియ్యటి నొప్పి అంటామే, అక్కడిదాకా పరవాలేదు. అది దాటితే కాస్త తగ్గించమని చెప్పాలి. ఆ ఒక్కమాట తప్ప ఇంకేమీ మాట్లాడనక్కర్లేదు. నిద్రపోయినా తప్పు కాదు.

వ్యాయామంతో కండరాల్లో చేరే లాక్టిక్ ఆమ్లాన్ని మసాజ్ పిండేస్తుందని ఇప్పటికీ చెబుతుంటారు. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో శరీరమే దాన్ని వాడేసుకుంటుంది, మర్నాటి నొప్పికి దానితో సంబంధం లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2012లో 11 మంది యువకులతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక్క కాలికే 10 నిమిషాలు మర్దన చేయించింది. తర్వాత రెండు తొడల నుంచీ కండరం ముక్కలు తీసి పోల్చారు. లాక్టిక్ ఆమ్లం మోతాదులో తేడా లేదు. మర్దన చేసిన కాలిలో మాత్రం వాపును రేపే సంకేతాలు తగ్గాయి. ‘విషాలు బయటికి పోతాయి’ అన్న ప్రచారానికైతే ఈపాటి ఆధారం కూడా లేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి.

ఇంతకీ ఒరిగేదేమిటి? నడుము నొప్పికి మసాజ్‌పై జరిగిన 25 ప్రయోగాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది: కొద్దికాలం ఉపశమనం ఉంటుంది, దీర్ఘకాల ప్రయోజనానికి ఆధారం బలహీనం. ఆందోళన విషయంలో ఫలితాలు మెరుగు. 37 అధ్యయనాలను కలిపి చూసిన 2004 నాటి విశ్లేషణలో ఒక్కసారి మసాజ్‌తోనే అప్పటి ఆందోళన, రక్తపోటు, గుండెవేగం తగ్గాయి. పలుమార్లు చేయించుకున్నవారిలో కుంగుబాటు కూడా తగ్గింది. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అమాంతం పడిపోతుందన్న మాట మాత్రం తర్వాతి లెక్కల్లో తేలిపోయింది.

గంట అయ్యాక గబుక్కున లేవకండి. రక్తపోటు తగ్గి ఉంటుంది కాబట్టి కళ్లు తిరగవచ్చు. ముందు పక్కకు ఒత్తిగిలి, కాసేపు బల్ల అంచున కూర్చోవాలి. మర్నాడు ఒళ్లు కాస్త పచ్చిగా అనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తీరా బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే, నుదుటి నుంచి గడ్డం దాకా మొహం చుట్టూ కంత అంచు అచ్చుగుద్దినట్టు ఎర్రగా కనబడుతుంది. అది చెరిగేసరికి ఇంకో అరగంట పడుతుంది.