ఓటీపీ నుంచి పాస్‌కీ దాకా: లాగిన్ వెనక జరిగేది

ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచేటప్పుడు కొన్నిచోట్ల గుర్తింపు కార్డు ఫొటో అడుగుతారు, సెల్ఫీ తీసుకోమంటారు, తల కాస్త పక్కకు తిప్పమంటారు. కార్డు అసలుదేనా, కార్డులో ఉన్నదీ కెమెరా ముందున్నదీ ఒకరేనా, అది ఫొటోనా నిజం మనిషా అని చూసే ఈ పని ఐడెంటిటీ వెరిఫికేషన్. సాధారణంగా ఇది ఒక్కసారితో అయిపోతుంది. ఆ తర్వాత లాగిన్ అయినప్పుడల్లా ఖాతా తెరిచినవారే వచ్చారా అని తేల్చుకోవడం అథెంటికేషన్. లోపలికి వచ్చినవారిని ఏమేం చేయనివ్వాలో నిర్ణయించేది ఆథరైజేషన్. వీటిలో రోజూ మన చేతిమీదుగా జరిగేది రెండోది. అందుకే దాని లోపలి సంగతులు అందరికీ తెలియాలని నా పట్టుదల.

1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని పాస్‌వర్డ్ పెట్టారు. ఇప్పుడు పద్ధతిగా నడిచే సైట్లు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచవు. దానికి 'సాల్ట్' అనే కొన్ని అడ్డదిడ్డం అక్షరాలు కలిపి, వెనక్కి తిప్పలేని 'హ్యాష్'గా మార్చి పెట్టుకుంటాయి. అయినా మనమే దాన్ని దొంగ సైట్‌లో టైప్ చేస్తే ఏ హ్యాషూ కాపాడలేదు.

అందుకే టూ ఫ్యాక్టర్ వచ్చింది. మనకు తెలిసినది (పాస్‌వర్డ్), మన దగ్గరున్నది (ఫోన్), మన ఒంటిలో ఉన్నది (వేలిముద్ర) అని రుజువులు మూడు రకాలు. వాటిలో రెండు వేర్వేరు రకాలు కావాలి. రెండు పాస్‌వర్డులు అడిగితే అది టూ ఫ్యాక్టర్ కాదు.

లాగిన్‌కు కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ చూడండి. మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య కీ ఫోన్‌లోకి చేరుతుంది. అదే కీ సర్వర్ దగ్గరా ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యను ఆ కీతో కలిపి ఇద్దరూ విడివిడిగా లెక్క కడతారు. ఇద్దరికీ అవే ఆరంకెలు వస్తాయి. నెట్ లేకపోయినా యాప్ కోడ్ చూపించేది ఇందుకే. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఇది మేలు. మన నంబర్‌ను ఎవరైనా మోసం చేసి వేరే సిమ్‌లోకి మార్చుకుంటే ఎస్ఎంఎస్ వాళ్లకే పోతుంది. కానీ యాప్ కోడ్‌కూ ఒక చిక్కుంది. దొంగ సైట్ దాన్ని అడిగి తీసుకుని, 30 సెకన్లు గడిచేలోపే అసలు సైట్‌లో వాడేయగలదు.

ఈ చిక్కును తీర్చేది పాస్‌కీ. 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన పబ్లిక్ కీ ఆలోచనే దీనికి మూలం. ఫోన్ రెండు కీల జంటను తయారుచేసి, పబ్లిక్ కీని సైట్‌కు ఇస్తుంది, ప్రైవేట్ కీని ఇవ్వదు. లాగిన్ సమయంలో సైట్ ఒక కొత్త సంఖ్య పంపుతుంది, ఫోన్ ప్రైవేట్ కీతో దానిపై సంతకం చేస్తుంది, సైట్ ఆ సంతకాన్ని పబ్లిక్ కీతో సరిచూస్తుంది. ఆ కీ ఒక్క సైట్ అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం మారినా ఫోన్‌కు కీ దొరకదు. మన కళ్లు మోసపోయినా అది మోసపోదు. దీనికి ఆధారమైన వెబ్‌ఆథన్ అనే సాంకేతిక పద్ధతి 2019లో వెబ్ ప్రమాణంగా వచ్చింది.

వేలిముద్ర సైట్‌కు వెళ్తుందేమోనని చాలామందికి టెన్షన్. వెళ్లదు. ఫోన్‌లోనే సరిచూసి, కీ వాడటానికి అనుమతి మాత్రం ఇస్తుంది. వేలిముద్రలన్నీ ఒకేచోట దాస్తే ఏమవుతుందో 2015లో తెలిసింది. అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుంచి 56 లక్షల మందివి దొంగల చేతికి చిక్కాయి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేలిని మార్చలేం కదా.

పాస్‌కీ పెట్టుకున్నా, 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అన్న లింకు నొక్కితే ఎస్ఎంఎస్ కోడ్‌తోనే లోపలికి రానిచ్చే సైట్లున్నాయి. అలాంటిచోట ఖాతా భద్రత ఆ ఎస్ఎంఎస్ పాటిదే. సెట్టింగ్స్‌లో రికవరీ భాగం ఒకసారి తెరిచి, అక్కడ ఏ నంబర్, ఏ ఈమెయిల్ ఉన్నాయో చూసుకోండి.