టైటిన్‌ని ఎటు లాగుతున్నాం?

"ప్రోటీన్ అంటే పప్పులో, గుడ్డులో ఉండేదే కదా, కండరం అంత సాగినా అది తెగిపోదేం?" అని ఒక పాఠకురాలు అడిగారు. భలే ప్రశ్న! కండరం పాఠంలో యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ల బొమ్మ వేసి వదిలేస్తారు, సాగిన కండరాన్ని వెనక్కి లాగే టైటిన్ ఊసే ఉండదు, నాకు అది చాలా అన్యాయం అనిపిస్తుంది. మన ఒంట్లో అతి పెద్ద ప్రోటీన్ అదే, 34,000 అమైనో ఆమ్లాల దాకా ఉంటుంది. (ప్రోటీన్ పౌడర్ తాగితే టైటిన్ గట్టిపడుతుందని మాత్రం నమ్మకండి. తిన్న ప్రోటీన్ ఏదైనా అరిగి ముక్కలవ్వాల్సిందే.)

టైటిన్‌లో పీఈవీకే అనే వదులు భాగం ఒకటుంది. దాని పక్కన ఇమ్యునోగ్లోబ్యులిన్ డొమైన్లు, అంటే చిన్న చిన్న గట్టి మడతలు, వరుసగా ఉంటాయి. మెల్లగా లాగితే ముందు ఈ మడతల వరుస విప్పుకోకుండానే నిటారవుతుంది, ఆ తర్వాత పీఈవీకే సాగుతుంది. 1997లో మ్యూనిక్‌లో రీఫ్, గౌబ్ బృందం ఒక్క టైటిన్ అణువును అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ సూదిమొనతో లాగింది. ఒక్కో మడత విప్పడానికి 150 నుంచి 300 పీకోన్యూటన్ల (పీకోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు) బలం పట్టింది, వదిలేస్తే మళ్లీ మడతపడింది! కండరంలో ఒక్కో టైటిన్ మీద పడే బలం ఇందులో చిన్న వంతే.

ఆ పట్టు ఇచ్చేవి మామూలు హైడ్రోజన్ బంధాలే, అంటే ప్రోటీన్ గొలుసు పోగులను ఒకదానికొకటి అతికించే బలహీనమైన ఆకర్షణలే. ఐ27 అనే డొమైన్‌లో ఏ-ప్రైమ్, జి అనే రెండు పోగుల మధ్య ఆరు. అంత బలహీనమైనవి అంత బలాన్ని ఎలా ఆపాయి? బూటు మీది వెల్‌క్రో పట్టీ చూడండి. కొస పట్టి పైకి లేపితే చర్రున ఊడొస్తుంది, ఎందుకంటే ఏ క్షణంలోనైనా ఒక్క వరుస కొక్కేల మీదే బలం పడుతుంది, అది ఊడాక పక్క వరుస, ఆ తర్వాత ఇంకోటి. అదే పట్టీని అతికి ఉండగానే పొడవునా లాగితే కదలదు, కొక్కేలన్నీ కలిసి భారం పంచుకుంటాయి. కొక్కేలు అవే, దిక్కే మారింది. ఐ27ను రెండు కొసలు పట్టి లాగితే జరిగేది ఈ రెండోదే, ఆరు బంధాలూ దాదాపు ఒకేసారి తెగాలి.

దీనికి రుజువు యుబిక్విటిన్ అనే వేరే ప్రోటీన్‌లో దొరికింది. 2003లో దాన్ని రెండు కొసలు పట్టి లాగితే సుమారు 200 పీకోన్యూటన్లు కావాల్సి వచ్చింది, ఒక కొసకు బదులు మధ్యలోని 48వ అమైనో ఆమ్లం (లైసిన్) దగ్గర పట్టి లాగితే సుమారు 85కే విడిపోయింది. టైటిన్‌లో ఒక మడత చివరి కొస పక్క మడత మొదటి కొసకు కలిసి ఉంటుంది కాబట్టి, కండరం ఎప్పుడు సాగినా ఐ27 మీద బలం ఆ గట్టి దిక్కులోనే పడుతుంది.