చాందా పొగకు విరుగుడు చాందాలోనే ఉంది

మహారాష్ట్రలోని చంద్రపూర్ (పాత పేరు చాందా) పక్కన దుర్గాపూర్‌లో మేడ మీద ఆరేసిన బట్టలు దులిపితే బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద రాలుతుంది. రాజురా, బల్లార్షాల్లోని మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బూడిద కంటికి కనిపిస్తుంది కనుక గొడవైనా చేయొచ్చు. సల్ఫర్ డయాక్సైడ్ కనిపించదు. బొగ్గులోని గంధకం కాలి పుట్టే ఈ వాయువు గాల్లో సల్ఫేటుగా మారి, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి కణాల్లో చేరి, వందల కిలోమీటర్లు పోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది.

దీనికి మన పాత నిబంధన వాయువును తగ్గించమనలేదు, గొట్టం ఎత్తు పెంచమంది. 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్ల చిమ్నీ. ఇక్కడ పడాల్సింది ఇంకో ఊళ్లో పడుతుంది, అంతే. వాయువుకే పరిమితి పెట్టింది 2015 డిసెంబర్‌లో, రెండేళ్ల గడువుతో. గడువు 2022కి జరిగింది, మళ్లీ జరిగింది. చివరికి 2025 జులైలో దేశంలోని బొగ్గు విద్యుత్ ప్లాంట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ పరిమితి నుంచి మినహాయింపు దొరికింది.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, విరుగుడు ఈ జిల్లాలోనే ఉంది. పొగ చిమ్నీ ఎక్కేముందు ఒక టవర్‌లోకి పంపి, సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు జల్లుగా కొడితే సల్ఫర్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా జిప్సంగా మారుతుంది. రాజురా, కోర్పనా తాలూకాల్లో సున్నపురాయికి కొదవ లేదు. వచ్చిన జిప్సం అక్కడి సిమెంట్ ఫ్యాక్టరీలకే పనికొస్తుంది.

మరి అడ్డం ఏమిటి? టవర్ ఖర్చు కరెంటు ధరలో తేలుతుంది, ఉబ్బసం మందుల ఖర్చు ఏ కంపెనీ పద్దులోనూ తేలదు. ఇలా ఇతరుల నెత్తిన పడే ఖర్చును పన్నుతో తిరిగి పద్దులోకి తేవాలని ఆర్థికవేత్త పిగూ 1920లోనే చెప్పాడు. అయితే చాందాలోని 2,920 మెగావాట్ల కేంద్రం ప్రైవేటుది కాదు, మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థది. చౌక కరెంటు కావాలనుకునే సర్కారు కూడా కంపెనీ లెక్కే వేస్తుంది.

మన బొగ్గులో గంధకం తక్కువ, ఊళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉంది అన్నది మినహాయింపు ఇచ్చినవాళ్ల వాదన. మొదటి మాట నిజమే. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ. అంతే కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చాలి. రెండోదానికి వస్తే, సల్ఫేటుగా మారిపోయినదాన్ని ఆ వాయువు మీటరు పట్టుకోదు.

నియంత్రణతో ఇది సాధ్యం కాదని నేను అనను. అమెరికాలో 1990 చట్ట సవరణ తర్వాత విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ 90 శాతానికి పైగా తగ్గింది. గ్యాస్‌కు మారడం వల్ల తగ్గింది కొంతైతే, చట్టం పట్టు వల్ల తగ్గింది చాలా.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచీలో చంద్రపూర్‌కు వందకు 83.88 వచ్చింది. 70 దాటితేనే తీవ్ర కాలుష్య ప్రాంతం. అలాంటి చోట్లకు 10 కిలోమీటర్ల లోపున్న ప్లాంట్లకు కొత్త మినహాయింపు నేరుగా వర్తించదు. నిపుణుల సంఘం ఒక్కోదాన్నీ చూసి తేలుస్తుంది. టవర్ కట్టమంటే గడువు 2028 డిసెంబర్ 30. ఆ సంఘం ముందు కరెంటు ధరల పట్టికతో పాటు జిల్లా ఆసుపత్రి ఉబ్బసం రిజిస్టర్లు కూడా ఉండాలి. కట్టమని తేలితే ఆ తేదీ ఇక జరగకూడదు.