కోర్టు విలేకరుల అక్రిడిటేషన్: అపోహలు, వాస్తవాలు

అపోహ: అక్రిడిటేషన్ (విలేకరికి ఇచ్చే అధికారిక గుర్తింపు కార్డు) లేనివారు కోర్టు వార్తలు రాయకూడదు.

వాస్తవం: మన దేశంలో విచారణ బహిరంగంగా జరగడమే నియమం. క్రిమినల్ కేసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 366వ సెక్షన్, సివిల్ దావాలకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 153-బి సెక్షన్ ఈ సంగతే చెబుతున్నాయి కాబట్టి, రాసే హక్కు కార్డుతో పుట్టేది కాదు. సుప్రీంకోర్టు ఇచ్చే అక్రిడిటేషన్ ప్రధానంగా ప్రవేశానికి సంబంధించిన సౌకర్యం మాత్రమే.

అపోహ: సమాచార, పౌర సంబంధాల శాఖ ఇచ్చిన కార్డు కోర్టులోనూ చెల్లుతుంది.

వాస్తవం: అది ప్రభుత్వ గుర్తింపు, న్యాయస్థానం లోపలికి ఎవరిని, ఏ షరతులతో అనుమతించాలన్నది న్యాయస్థానమే నిర్ణయించుకుంటుంది.

అపోహ: లా డిగ్రీ తప్పనిసరి.

వాస్తవం: సుప్రీంకోర్టు అక్రిడిటేషన్‌కు సంబంధించినంత వరకు ఇది పాత మాట. 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఆ నిబంధనను సడలిస్తున్నట్లు ప్రకటించారు. నా దృష్టిలో అది మంచి నిర్ణయమే గానీ, పట్టా అక్కర్లేదంటే చట్టం చదవనక్కర్లేదని కాదు. ప్రతివాదులకు నోటీసులు జారీ కావడం, మధ్యంతర ఉత్తర్వు వెలువడడం, తుది తీర్పు రావడం అనేవి మూడు వేర్వేరు దశలు కాగా, కేవలం నోటీసులు ఇచ్చిన రోజునే ‘ప్రభుత్వానికి హైకోర్టు షాక్’ అని శీర్షిక పెట్టే అలవాటు మన పత్రికలకూ చానళ్లకూ ఇంకా పోలేదు.

అపోహ: న్యాయమూర్తులు నోటితో అన్న మాటలను రాయకూడదు.

వాస్తవం: కొవిడ్ కాలంలో ఎన్నికల సంఘంపై మద్రాసు హైకోర్టు చేసిన వ్యాఖ్యలు ప్రచురితం కాకుండా ఆపాలన్న వినతిని సుప్రీంకోర్టు 2021 మేలో తోసిపుచ్చింది. అయితే వ్యాఖ్య ఉత్తర్వు కాదు. ఆ తేడా వార్తలో స్పష్టంగా కనిపించాలి.

అపోహ: కార్డు ఉంటే చట్టపరమైన రక్షణ ఎక్కువ.

వాస్తవం: నిష్పాక్షికంగా, కచ్చితంగా రాసిన కోర్టు వార్త ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 4వ సెక్షన్ చెబుతున్నది, కార్డు ప్రస్తావన అందులో లేదు. పరిమితులూ అంతే. న్యాయ ప్రక్రియ దెబ్బతినే ప్రమాదం నిజంగా ఉన్నప్పుడు ప్రచురణను కొంతకాలం వాయిదా వేయించవచ్చని 2012లో సహారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం పేర్కొన్నది. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) కేసుల్లోనైతే ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా బాధిత బాలిక లేదా బాలుడి పేరే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, చుట్టుపక్కల ప్రాంతం కూడా రాయకూడదు. పేరు మార్చామని బ్రాకెట్లో రాసి, ఊరినీ తండ్రి వృత్తినీ యథాతథంగా ఇచ్చే వార్త ఈ నిషేధాన్ని ఉల్లంఘించినట్లే.